బాపు జీతం కాగితం

మా కాలేజీలో స్కాలర్‌షిప్ పిల్లలను లేపి నిలబెట్టేవారు. నెలకోసారి అకౌంట్స్ గదిలోంచి ఒకాయన తరగతిలోకి వచ్చి, పాఠం చెబుతున్న మేడమ్‌ను ఆపి, "రీయింబర్స్‌మెంట్ వాళ్లు లేవండి" అనేవాడు. సగానికి పైగా లేచేవాళ్లం. ఎవరి ఫీజు ప్రభుత్వం నుంచి వచ్చిందో, ఎవరిది రాలేదో చదివి, రానివాళ్లకు హాల్‌టికెట్ ఇవ్వబోమని చెప్పి వెళ్లేవాడు. ఇంతమంది లేస్తున్నప్పుడు సిగ్గెందుకని నా పక్కన కూర్చునే అమ్మాయి అనేది. నాకు మాత్రం లేవకుండా కూర్చున్నవాళ్లే కనిపించేవారు. వాళ్లలో ఒకమ్మాయి, మేం నిలబడినంతసేపూ తన గోళ్లరంగు చూసుకునేది. పదేళ్లు దాటింది. ఆ రంగు ఏదో కూడా చెప్పగలను.

నేను ఇలాంటిదాన్నే. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో నాకు గుర్తుంటుంది. కోరుట్లలో ఇంటర్ చదివేటప్పుడు బస్‌పాస్ కౌంటర్‌లో ఒకాయన నా ఫొటో చూసి "ఇది నువ్వేనా" అన్నాడు, అదీ గుర్తుంది. ఈ గుణం మంచిదని నేను అనడం లేదు. దీనివల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా ఊరు కోరుట్ల దాటాక మెయిన్ రోడ్డు మీద దిగి ఆటోలో లోపలికి పోతే వస్తుంది. వరి, పసుపు పండే ఊరు. ఆ భూమిలో మాది ఏమీ లేదు. తాత దొర ఇంట్లో పాలేరుగా జీతం ఉన్నాడు. మా నాన్న, అంటే మా బాపు, చిన్నప్పుడు అదే ఇంటి బర్రెలు కాశాడు, పొద్దున్నే వాళ్ల కొట్టం కడిగాడు. నాకు నాలుగేళ్లప్పుడు దుబాయ్ వెళ్లాడు. రెండేళ్లకో, రెండున్నరేళ్లకో వచ్చి రెండు నెలలు ఉండి వెళ్లేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఒక ఫొటో తెచ్చాడు. నెత్తిన పసుపుపచ్చ టోపీ, వెనకాల పెద్ద క్రేను. తాను క్రేను నడుపుతున్నానని చెప్పాడు. ఆ ఫొటోను అవ్వ ఫ్రేము కట్టించి, లోపలికి వచ్చేవాళ్లకు ఎదురుగా కనపడేలా పెట్టింది. అవ్వ అంటే మా అమ్మ. మా వాడలో ఆ ఫొటో చూడనివాళ్లు లేరు. బాపు ఊళ్లో ఉన్న రెండు నెలలు ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటేవాడు కాదు.

ఎంసెట్‌లో నాకు ఫార్మసీ సీటు వచ్చింది. మా వాడ నుంచి అలాంటి చదువుకు వెళ్లిన మొదటిదాన్ని నేనే. రోజూ జగిత్యాల వైపు బస్సెక్కి ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్లేదాన్ని. మొదటి ఏడాది ఫీజు ప్రభుత్వమే కట్టింది. ఆదాయం సర్టిఫికెట్‌లో అప్పటి వీఆర్వో 'కూలి' అని రాసి సంతకం పెట్టాడు, ఎవరూ ఏమీ అడగలేదు. రెండో ఏడు కొత్త వీఆర్వో వచ్చాడు. గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లను విచారించి రాయమని పైనుంచి చెప్పారట. అదే సమయానికి బాపు సెలవు మీద వచ్చి ఉన్నాడు.

విచారణకు వీఆర్వో మా ఇంటికి రాలేదు. దొర ఇంటి వరండాలో కూర్చుని మమ్మల్ని అక్కడికి పిలిపించాడు. దరఖాస్తు నాది, విచారించాల్సింది నా ఇల్లు. అక్కడికి ఎందుకు పోవాలని నేను గొణిగాను. బాపు చొక్కా మార్చుకుని, గడియారం పెట్టుకుని, అత్తరు రాసుకుని బయల్దేరాడు. నేను వెనకాల నడిచాను.

దొర పడక కుర్చీలో ఉన్నాడు. అప్పటికే డెబ్బై దాటాయి. కొడుకులు కోరుట్లలో ఎరువుల దుకాణం చూసుకుంటున్నారు. గడీ కాలం పోయినా ఊళ్లోకి ఏ ఆఫీసరు వచ్చినా ముందు ఆ వరండాలోనే చాయ్ తాగుతాడు. వీఆర్వో పక్కన ఇంకో నలుగురున్నారు. బాపు మెట్ల కింద చెప్పులు విడిచి నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఏందిరా, షేకు దిగిండా ఊళ్లెకు," అన్నాడు దొర. "బిడ్డ సదువుకు సర్కారు పైసలు గావాల్నట. గంత పెద్ద క్రేన్ నడిపెటోనికి గదేం కరువురా?"

బాపు నవ్వాడు. వీఆర్వో పెన్ను తీసి, నెలకు ఎంత వస్తుందని అడిగాడు. బాపు వెంటనే చెప్పలేదు. ఆయన నా వైపు చూశాడని నాకు గుర్తుంది. ఎందుకు చూశాడో అప్పుడు తెలియలేదు.

"చెప్పడు," అన్నాడు దొర. "ఆడ ఏం జేస్తుండో ఎవలు సూడబోయిండ్రు. బర్లు గాసిన చెయ్యి. ఒంటెలు గాస్తుండొచ్చు."

నలుగురూ నవ్వారు. వీఆర్వో కూడా నవ్వాడు. బాపు మెడ నిటారుగా పెట్టి, "పాతిక వేలు సార్. రాసుకోండ్రి," అన్నాడు.

ఆ మాటతో నవ్వు ఆగింది. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ క్షణం నాకు గర్వంగా అనిపించింది. దొర ముఖంలోకి సూటిగా చూశాను. నెలకు పాతిక వేలంటే ఏడాదికి ఎంతో, ఫీజుకు ఆదాయ పరిమితి ఎంతో నాకు తెలిసి కూడా, ఆ ఒక్క అంకెతో నా ఫీజు పోతుందని తట్టలేదు. మా తాత వంగి నిలబడిన చోట మా బాపు ఒక పెద్ద అంకె చెప్పాడు, నాకు అంతే కావాలి అనిపించింది. ఇంటికి వచ్చేదాకా ఇద్దరం వేగంగా నడిచాం.

పదిహేను రోజులకు సర్టిఫికెట్ వచ్చింది. ఏడాదికి మూడు లక్షలు. దాన్ని పట్టుకుని మండలాఫీసుకు పరుగెత్తాను. వీఆర్వో విసుక్కున్నాడు. "నేను రాసిందా, మీ బాపు చెప్పిందే రాసిన," అన్నాడు. కంపెనీ ఇచ్చిన జీతం కాగితం తెస్తే మార్చి రాస్తానన్నాడు. అది శనివారం. ఆ తర్వాత మూడు రోజులకే సకల జనుల సమ్మె మొదలైంది.

సమ్మెకు నేను బాధపడలేదు. చెబితే ఎవరూ నమ్మరు కానీ, ఆఫీసు గేటుకు తాళం పడిన రోజు గేటు ముందు నినాదాలు ఇచ్చిన ఆడపిల్లల్లో నేనొకదాన్ని. ఉద్యోగులు ఒక్కొక్కరే బయటికి వస్తుంటే చప్పట్లు కొట్టాం. వీఆర్వో బయటికి వచ్చినప్పుడు కూడా కొట్టాను. కాలేజీ మూతపడింది, బస్సులు ఆగిపోయాయి. రోజూ ఊరి నుంచి నడిచిపోయి, ఆఫీసు ముందు రోడ్డు పక్కన వేసిన దీక్ష టెంటులో కూర్చునేదాన్ని. రోడ్డు మీద బతుకమ్మ ఆడాం. వారం పది రోజుల్లో తెలంగాణ వస్తుందని, వస్తే మా కొలువులు మాకు, మా చదువులు మాకు అని నేను నిజంగా నమ్మాను. సర్టిఫికెట్ సంగతి సమ్మె అయిపోయిన మర్నాడే తేలిపోతుందనుకున్నాను.

అందుకని ఇంట్లో కాగితం సిద్ధంగా ఉంచుకోవాలనుకున్నాను. బాపును అడిగాను. కంపెనీలోనే ఉందన్నాడు. ఫోన్ చేసి తెప్పించమన్నాను. వాళ్లు ఇయ్యరన్నాడు. పక్క ఊరివాళ్లు తెచ్చుకున్నారని చెప్పాను. వాళ్ల కంపెనీ వేరు అన్నాడు. ఇలా మూడు వారాలు గడిచాయి. కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. రెన్యువల్‌కు చివరి తారీఖు దగ్గర పడిందని, సమ్మెతో తమకు సంబంధం లేదని చెప్పారు. దసరా కాగానే బాపు తిరిగి వెళ్లిపోవాలి.

ఒక పొద్దున అవ్వ బియ్యం ఏరుతుండగా, బాపు గడ్డం గీసుకుంటుండగా నేను అనకూడని మాట అన్నాను.

"నువ్వు దొర ముంగట గొప్పలు జెప్పుకున్నవు, నా సదువు పోతుంది. ఒక్క కాగితం ఇయ్యలేనోనివి బాపువెట్లయినవు?"

అవ్వ చేట కింద పెట్టింది. బాపు సబ్బు నురగ తుడుచుకోకుండానే లేచి, సూట్‌కేసు తీసి, పాస్‌పోర్టు కవరులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీశాడు. నా చేతికి ఇవ్వలేదు. విప్పి నా కళ్ల ముందు పట్టుకున్నాడు. ఇంగ్లీషు. పేరు, నంబరు, జీతం ఆరు వందల దిర్హాములు. పని అన్న చోట క్లీనర్ అని ఉంది.

అవ్వకు చదువు రాదు. ఏమున్నదని నన్ను అడిగింది. నేను జీతం ఉన్నదని చెప్పాను.

"రేపు నేనే పోయి ఇస్త," అన్నాడు బాపు, కాగితం మళ్లీ మడిచి. గడ్డం సగం గీసే ఉంది.

ఆ మర్నాడు టెంటు దగ్గర వంటావార్పు. మండలంలోని ఊళ్లన్నీ కదిలి వచ్చాయి. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద వంట గంజులు, పొగ. బియ్యం బస్తాలు దొర ఇచ్చాడని మైకులో రెండుసార్లు చెప్పారు. ఆయన టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మిగతావాళ్లందరం జంపఖానా మీద. తెలంగాణ కోసం అందరం ఒక్కటయ్యామని ప్రసంగాల్లో అనేవారు. ఆ కుర్చీ మీద నాకు అప్పుడూ ఫిర్యాదు ఉండింది. వీఆర్వో ఆ రోజు దీక్షలో ఉన్నాడు, మెడలో బంతిపూల దండ.

నేను మా పిల్లలతో కలిసి ఒక పక్కన నిలబడి అట్ట పలకలు పట్టుకున్నాను. బాపు రావడం చూశాను. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు. తిన్నగా వీఆర్వో దగ్గరికి వెళ్లి, పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెవి దగ్గర ఏదో అన్నాడు. చాటుగా చెప్పాలని చూశాడు. అక్కడ చాటు ఎక్కడుంది, చుట్టూ వంద మంది.

"సమ్మెల ఉన్నం గదనే," అన్నాడు వీఆర్వో. "ఇప్పుడు ఫైలు ముడితే మమ్ముల బతుకనిస్తరా?"

"ఫైలు వద్దు సార్. ఊకె సూడుండ్రి. తారీఖు దాటుతదంటుంది పిల్ల."

వీఆర్వో కాగితం విప్పాడు. కళ్లద్దాలు లేవు కాబోలు, దూరంగా పెట్టి, చిన్నపిల్లలు చదివినట్టు ఒక్కో ముక్క పైకి చదివాడు. "క్లీ-నర్. క్లీనర్ అని ఉన్నది గదనే. క్రేన్ అంటివి?"

ఆయన కావాలని చేశాడని ఏళ్లపాటు అనుకున్నాను. ఇప్పుడు కూడా పూర్తిగా కాదని అనలేను.

దగ్గరి నాలుగు వరసలవాళ్లు విన్నారు. దొర కుర్చీలోంచి ముందుకు వంగాడు. ఆ కాగితం తనకు ఇవ్వమన్నట్టు చెయ్యి చాపి, మళ్లీ తీసేసుకున్నాడు.

"ఇన్నొద్దులు క్రేన్ క్రేన్ అంటివి గదరా," అన్నాడు. "ఆడ గూడ కడుగుడేనా? మా కొట్టం కడిగినట్టే?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత చాలామంది నవ్వారు. కోపంగా కాదు, ద్వేషంగా కాదు, వంటల దగ్గర సరదాకి నవ్వే నవ్వు. బాపు కూడా నవ్వాడు. కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచి కవరులో పెట్టుకున్నాడు. సమ్మె అయినంక తెమ్మని వీఆర్వో చెబితే తల ఊపాడు.

నేను ఆయనకు పది అడుగుల దూరంలో ఉన్నాను. నా చేతిలో మా నీళ్లు, మా నిధులు అని రాసిన పలక ఉంది. కదలలేదు. ఆ మనిషి ఎవరో తెలియనట్టు నిలబడ్డానని అనను, కానీ వెళ్లి పక్కన నిలబడలేదు. అన్నం తినండని మైకులో పిలిచారు. బాపు వెంటనే ఇంటికి పోతాడనుకున్నాను. పోలేదు. అందరితోపాటు వరసలో కూర్చుని, విస్తరిలో పెట్టింది మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు వెళ్లాడు. మధ్యలో లేచిపోతే ఇంకో మాట పుడుతుందని అలా తిన్నాడని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఇంటికి వచ్చేసరికి గోడ మీద క్రేను ఫొటో లేదు. ఎక్కడ పెట్టాడో మేం అడగలేదు. దసరా అయ్యాక ఆయన వెళ్లిపోయాడు. బస్సులు లేవు కాబట్టి ఎవరిదో జీపులో వెళ్లాడు. జీతం కాగితాన్ని మాత్రం నా పుస్తకాల మీద పెట్టి వెళ్లాడు.

సమ్మె నలభై రెండు రోజులు సాగి ఆగింది. తెలంగాణ రాలేదు. ఆఫీసు తెరిచిన రోజే వెళ్లాను. వీఆర్వో కాగితం చూసి, కంప్యూటర్లో ఒకసారి ఎక్కిన ఆదాయం ఈ ఏటికి మారదని, వచ్చే ఏడు చూద్దామని అన్నాడు. మారుస్తానని మీరే అన్నారు కదా అన్నాను. అప్పుడన్నానేమో అన్నాడు. కాలేజీలో ఫీజు మొత్తం కట్టాలన్నారు, కట్టకపోతే పరీక్షలకు రానివ్వబోమన్నారు. నేను చదువు మానేస్తానని ఫోన్లో చెప్పాను. బాపు అటునుంచి, "నువ్వు కాలేజీకి పో బిడ్డా. కట్టేది నేను సూసుకుంట," అన్నాడు. ఎలా కడతావని అడగలేదు. సెలవులన్నీ వదులుకుని, పొద్దున ఒక బిల్డింగు, సాయంత్రం ఇంకో బిల్డింగు కడుగుతున్నాడని మా ఊరి మనిషి ఒకాయన వచ్చినప్పుడు అవ్వకు చెప్పాడు. ఆ మనిషి సమ్మె తర్వాతే దుబాయ్ వెళ్లి బాపు ఉన్న క్యాంపులో చేరాడు.

ఇక్కడితో నేను ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేదు. నాకు అన్యాయం జరిగింది, దానికి ఒక అధికారి జవాబు చెప్పాలి. ప్రతి సోమవారం కలెక్టరాఫీసులో ప్రజావాణి ఉంటుంది, అక్కడ దరఖాస్తు ఇస్తే రసీదు ఇస్తారు. ఆ రోజు కాలేజీ ఎగ్గొట్టి పొద్దున్నే బయల్దేరి వెళ్లి లైన్లో నిలబడేదాన్ని. తెల్లకాగితం మీద మార్జిన్ గీసి చక్కగా రాసేదాన్ని. 'నా తండ్రి దుబాయ్‌లో క్లీనర్‌గా పని చేయుచున్నారు, క్రేన్ ఆపరేటర్ కాదు' అని మొదటి వాక్యంలోనే రాసి, కింద గీత గీసేదాన్ని. జీతం కాగితం జిరాక్సు జత చేసేదాన్ని.

ఆ దరఖాస్తులు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. పై ఆఫీసు నుంచి కింది ఆఫీసుకు, అక్కడి నుంచి విచారించి నివేదిక పంపమని అదే వీఆర్వోకు. ఆయన మళ్లీ ఊళ్లోకి వచ్చి, అదే వరండాలో కూర్చుని, ఇద్దరు సాక్షులను పిలిచి అడిగేవాడు. ఈ ఇంటాయన దుబాయ్‌లో క్లీనరేనా అని. మాకేం ఎరుక సార్, క్రేన్ అని చెప్పిండు, టెంటు కాడ క్లీనర్ అని తెలిసింది అని వాళ్లు చెప్పేవారు. పంచనామా రాసి సంతకాలు తీసుకునేవాడు. కొన్నాళ్లకు నాకు ఉత్తరం వచ్చేది: 'మీ సమస్య పరిష్కరించబడినది.' ఏమీ పరిష్కారం కాలేదు. నేను ఆ ఉత్తరాన్ని కూడా జత చేసి మళ్లీ రాసేదాన్ని. మళ్లీ విచారణ, మళ్లీ సాక్షులు. ప్రతిసారీ కొత్త సాక్షులు కావాలి కాబట్టి ఊళ్లో తెలియనివాళ్లు మిగల్లేదు. పోస్టుమన్ కొత్తగా వచ్చినప్పుడు మా ఇల్లు ఎక్కడని అడిగితే క్లీనర్ ఇల్లా అని చూపించారు.

ఒకరోజు నేను ఇంకో దరఖాస్తు రాస్తుంటే అవ్వ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇగ రాయకు బిడ్డా," అంది.

ఎందుకు రాయొద్దన్నాను.

"నువ్వు రాసినప్పుడల్ల వాళ్లు మల్లొచ్చి అడుగుతుండ్రు. మీ బాపు ఆడ ఏం జేస్తుండని. ఊరు ఊరంత అడిగిరి. ఇంక ఎంతమందికి చెప్పాలె?"

న్యాయం మన దిక్కే ఉన్నదవ్వా అన్నాను. అవ్వ నా చేతిలో పెన్నును చూస్తూ, మీ బాపుకు ఫోన్లో ఈ సంగతులన్నీ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారని అంది. ఆమె లేచి వెళ్లాక నేను ఆ దరఖాస్తు పూర్తి చేశాను. సోమవారం వెళ్లి ఇచ్చాను.

మూడో ఏడు కూడా విచారణ తేలలేదని ఆదాయం మార్చలేదు. చివరి ఏడాది నేను గెలిచాను. వీఆర్వో బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చినాయన నా ఫైలు మందం చూసి భయపడ్డాడో, విసిగిపోయాడో, ఆదాయం సరిచేసి సర్టిఫికెట్ ఇప్పించాడు. గుండ్రటి సీలు, తహసీల్దారు ఆకుపచ్చ సంతకం. తండ్రి వృత్తి అన్న చోట క్లీనర్. ఆ ఒక్క ఏడాది ఫీజు ప్రభుత్వం కట్టింది. ఆఫీసు బయటనే నిలబడి బాపుకు ఫోన్ చేశాను. గెలిచినం బాపు అని అరిచినంత పని చేశాను. వృత్తి దగ్గర ఏం రాశారో కూడా చదివి వినిపించాను.

"మంచిగైంది బిడ్డా," అన్నాడు. "నీ పరీక్షలు ఎప్పుడు?"

నా చదువు అయిపోయిన ఏడే రాష్ట్రం వచ్చింది. ఊళ్లో పటాకులు కాల్చారు. బాపు రాలేదు. అవ్వ అడిగినప్పుడల్లా ఇంకో ఆరు నెలలు అనేవాడు. ఫీజులు తీరిపోయాయి, నాకు జగిత్యాలలో ఒక ఆసుపత్రి మందుల షాపులో ఉద్యోగం దొరికింది. ఇంకా ఆరు నెలలే అన్నాడు. వెళ్లిన నాలుగేళ్లకు ఒకరోజు ఫోన్ చేసి, హైదరాబాద్‌లో దిగానని, సిరిసిల్ల బస్సెక్కానని, అవ్వను అక్కడికి రమ్మని చెప్పాడు. సిరిసిల్లలో మా మేనమామ సాంచాలు నడిపిస్తాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఆయన ఇంటి పక్కనే ఒక గది అప్పటికే మాట్లాడి ఉంచాడు బాపు.

"ఊరికి నేను రాను," అన్నాడు అవ్వతో. కారణం చెప్పలేదు. అప్పటి నుంచి అక్కడే ఉన్నారు. ఆయన ఒక కార్ఖానాలో నేసిన గుడ్డ మడతలు వేస్తాడు. పొద్దంతా సాంచాల చప్పుడులో ఉండి వస్తాడు కాబట్టి ఇంట్లో కొంచెం గట్టిగా మాట్లాడాలి. నేను ఆదివారాలు వెళతాను. జగిత్యాల నుంచి తీసుకెళ్లిన మందులు దేనికి ఏదో చెబుతాను, ఆయన శ్రద్ధగా వింటాడు. ఆ టెంటు గురించి, నా దరఖాస్తుల గురించి మేం ఎన్నడూ మాట్లాడుకోలేదు. నేను మొదలుపెడదామని వెళ్లిన ఆదివారాలు ఉన్నాయి. బస్సులో అన్ని మాటలూ సిద్ధం చేసుకునేదాన్ని. అక్కడికి వెళ్లాక అన్నం తిని, టీవీ చూసి వచ్చేసేదాన్ని.

పోయిన ఏడు ఊళ్లో ఇంటి పైకప్పు ఒక మూల కూలింది. చూసి, ఉన్న సామాను తెచ్చేద్దామని నేను ఒక్కదాన్నే వెళ్లాను. ట్రాలీలో సామాను ఎక్కిస్తుంటే దొర ఇంటి పనిమనిషి వచ్చి, పెద్దాయన పిలుస్తున్నాడని చెప్పింది. వెళ్లాను. ఆయనతో అనాల్సిన మాటలు నా దగ్గర ఏళ్ల నుంచి ఉన్నాయి, ఒక్కటి కూడా మర్చిపోలేదు.

ఆయన మంచం మీద ఉన్నాడు. చూపు సరిగా లేదు. నేను ఎవరి బిడ్డనో చెబితే చెయ్యి గాలిలో వెతికి నా చేతిని పట్టుకున్నాడు.

"మీ బాపు మంచిగున్నడా బిడ్డా? ఆడు మన ఊరికి రానే రాకపాయె. ఎవల మీద కోపమొచ్చిందో ఏమో."

నేను చేతిని వెనక్కి తీసుకున్నాను. వంటావార్పు రోజు టెంటులో వీఆర్వో కాగితం చదివింది, ఈయన కుర్చీలోంచి అన్నది, జనం నవ్వింది, అంతా వరసగా చెప్పాను. మాట మాటా చెప్పాను. ఆయన నోరు కొంచెం తెరిచి విన్నాడు.

"నేనట్లన్ననా?" అన్నాడు. "నాకు యాదికి లేదు బిడ్డా. అని ఉంట. అప్పుడు అందరం ఏమో అనుకుంటుంటిమి." ఏదో గుర్తొచ్చినట్టు తల ఎత్తాడు. "టెంటు కాడిది ఎవలకు యాదుంటది. నువ్వు దరఖాస్తులు పెడుతుంటివి గదా. వీఆర్వో అచ్చి మా వరండాల సదివి వినిపిస్తుండె. గట్లనే ఎరుకైంది అందరికి."

అబద్ధం చెప్పే వయసు కాదు ఆయనది, ఎత్తిపొడిచే ఓపిక కూడా లేదు. పనిమనిషి చాయ్ తెచ్చి ఇచ్చింది. తాగకుండా పక్కన పెట్టడానికి చోటు వెతికి, దొరక్క, తాగేసి వచ్చాను.

సామానుతో సిరిసిల్ల చేరేసరికి బాపు పని నుంచి వచ్చి ఉన్నాడు. అవ్వ అన్నం పెట్టింది. బాపు ఒక్కో వస్తువును దించి చూసుకున్నాడు, ఇత్తడి బిందె సొట్ట పోయిందేమో తడిమి చూశాడు. తర్వాత నా పక్కన కూర్చుని, తల వంచుకుని అన్నం కలుపుకుంటూ అడిగాడు.

"ఊళ్లె ఎవలన్న కలిసిండ్రా?"

చెప్పాల్సింది చాలా ఉంది. ఆయన ముద్ద ఎత్తకుండా ఆగి ఉన్నాడు.

"ఎవ్వలు కలువలే బాపు," అన్నాను కొంచెం గట్టిగా, ఆయనకు వినపడేలా. "నేను సామాను ఏసుకొని అచ్చిన, గంతే."

ఆయన తల ఊపి, తినడం మొదలుపెట్టాడు.